మూలిగిన ఎడమ చక్రం

నర్సీపట్నం మీదుగా కొండెక్కేవాళ్లలో ఎక్కువమంది లంబసింగి మంచు చూడటానికి వెళ్తారు. నేను ఒక పాత పిండిమర వెనకాల వెళ్లాను. మంచు కూడా చూశాననుకోండి, కాని బండి అద్దంలోంచి, అదీ గుండె గుప్పెట్లో పెట్టుకుని.

దీనికంతటికీ కారణం సత్యవతి. ఉద్యోగం పేరుతో నేను నర్సీపట్నంలో ఉన్న రోజుల్లో వాళ్ల మేడమీద అద్దెకుండేదాన్ని. ఆ తర్వాత తెనాలి వచ్చేసినా ఫోన్లు ఆగలేదు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, నేను మా బండి తోలుకుని ఏజెన్సీకెల్తన్నాను. తోడొస్తావేటి?" అంది. మామూలుగా అయితే ఎందుకు, ఎన్నాళ్లు అని అడగాలి. నేను ఏ బస్సుకి రావాలని అడిగాను. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషినని మా ఇంట్లో నాకు ఎటూ పేరుంది.

నర్సీపట్నం

వాళ్ల బండి లారీకి చిన్నది, జీపుకి పెద్దది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది కాబట్టి బురదైనా రాళ్లైనా ఎక్కేస్తుంది. సత్యవతి భర్త అప్పలనాయుడుగారు దాని మీద ఇరవై ఏళ్లు సంతలకు సరుకులు తోలారు. ఈమధ్య నడుము దెబ్బతిని మంచం పట్టారు. ఇప్పుడిప్పుడే కర్ర పట్టుకుని లేస్తున్నారు. బండి నాలుగు నెలలుగా గోడ వారన ఉండిపోయింది.

ఈ లోపల సత్యవతి డ్రైవింగ్ నేర్చేసుకుంది. లైసెన్సు చేతికొచ్చాకే ఆయనకు చెప్పిందట.

"ఆయనకి కోపం కాదక్కా, భయం," అంది నాకు టీ ఇస్తూ. "ఘాట్ రోడ్డులో నాకేటైనా అయితే అని. కోటవురట్ల నించి ఒకాయన ఆదివారం బండి బేరానికొస్తాడు. మా ఆయనేమో, ఈ ఒక్క ట్రిప్పూ ఎల్లిరా, బండి ఏ ఇబ్బందీ పెట్టకపోతే ఉంచుతాను, పెడితే తాళం ఆయన సేతిలో పెట్టేస్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను. ఇంకేటంటాను?"

ఆ "సరే" అనడంలోనే తెలిసింది, ఆ బండి మీద ఆమె ప్రాణం ఎంతుందో. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన చెప్పే కొండల కబుర్లు వినడమే తప్ప ఆమె ఒక్కసారీ ఘాట్ ఎక్కలేదు. ఇక్కణ్ణుంచి బస్సెక్కితే రెండు గంటల్లో వెళ్లిపోయే ఊళ్లు. నాకైతే వినడానికే ఊపిరాడలేదు.

బయల్దేరే రోజు నాయుడుగారు బండికి పూజ చేశారు. వంగలేరు కాబట్టి పీట వేయించుకుని ముందు ఎడమ చక్రం పక్కన కూర్చున్నారు. కుడివైపు గోడ, అటు మనిషి పట్టడు. మంచంలో ఉన్నన్నాళ్లూ ప్రతి శుక్రవారం ఇద్దరి సాయంతో వచ్చి ఇలాగే పూజ చేశారట. టైరుకి, బానెట్‌కి, దీపాలకి పసుపు రాసి కుంకుమ పెట్టారు. అంతటితో ఆగలేదు. చక్రం పక్కకి తిప్పించి, సందులోకి చెయ్యి పెట్టి లోపల ఒక చిన్న ఇనుప ముక్కుకి కూడా పసుపు మెత్తారు. అప్పటికే అక్కడ పాత పసుపు పెచ్చులు కట్టి ఉంది.

"అదేంటండీ?" అన్నాను.

"బాల్ జాయింటండి మేడంగారు. సక్రం అటూ ఇటూ తిరగాలంటే కీలు కావాలి కదండీ, పైనొకటి, కిందొకటి. ఈ ముక్కుని నిప్పల్ అంటాం. గన్ను తగిలించి నొక్కితే లోపలికి గ్రీజెల్తాది. మోకాలికి నూని రాసుకున్నట్టే అనుకోండి. గ్రీజు అందితే బండి పదేళ్లుంటాది, అందకపోతే పది మలుపులు కూడా ఉండదు."

పూజ అయ్యాక సత్యవతి గ్రీజు గన్ను పట్టుకుని బండి కిందకి దూరింది. కిందివి, కుడివైపువి గుడ్డతో శుభ్రంగా తుడిచి నల్ల గ్రీజు కొట్టింది. ఎడమ పక్క పైదాని దగ్గరికొచ్చేసరికి గుడ్డ పక్కన పెట్టేసింది. బయల్దేరే బండికి మొగుడు చేత్తో పెట్టిన బొట్టు ఎలా తుడుస్తుంది? ఆ పసుపు మీదే గన్ను బిగించి నాలుగుసార్లు నొక్కింది. చుట్టూ నల్లగా గ్రీజు పొంగింది.

"నిండిపోనాది," అంది.

నేను అప్పటికే సీట్లో కూర్చుని కాళ్లు ఊపుతున్నాను. బేగి రావే అని అరిచింది కూడా నేనే.

రోలుగుంట

ముందు రోలుగుంట వెళ్లి పిండిమర ఎక్కించుకోవాలి. మూతపడ్డ కొట్లోది. చింతపల్లి అవతల ఒక కొండ ఊళ్లో ఆడవాళ్లందరూ కలిసి కొనుక్కున్నారు. రాయి, మోటారు, ఇనుప స్టాండు, అన్నీ ఎక్కేసరికి బండి వెనక కుంగింది.

అమ్మినాయన మాకు జీడిపప్పు వేసిన ఉప్మా పెట్టించాడు. మా తెనాలిలో ఉప్మాలో జీడిపప్పు వెతుక్కోవాలి, ఇక్కడ రవ్వ వెతుక్కోవాలి. తింటుండగా సత్యవతి ఫోన్ మోగింది.

"గ్రీజు కొట్టేవా?" అటునుంచి నాయుడుగారు.

"మీ కళ్లెదురుగానే కొట్టేను కదేటి."

"మళ్లీ ఓసారి సూడు."

ఆమె ఫోన్ పెట్టేసి నావైపు చూసి నవ్వింది. పావుగంట కాకుండానే మళ్లీ మోగింది. ఆ రోజు ఘాట్ మొదలయ్యేదాకా ఆయన మాతోనే ప్రయాణం చేశారని చెప్పాలి.

ఘాట్

మొదటి రెండు మలుపులూ బాగానే తిరిగాం. మూడోదాని దగ్గర ఎడమవైపు నుంచి ఒక మూలుగు వినిపించింది. తలుపు కీచుమన్నట్టు కాదు, ఎవరో నిద్రలో మూలిగినట్టు.

మలుపు తిప్పాక స్టీరింగు దానంతటది వెనక్కి రావాలి. రావడం లేదు. సత్యవతి రెండు చేతులతో లాగి నిటారు చేస్తోంది. ఎడమకు తిప్పితే అక్కడే ఉండిపోతుంది, ఎడమవైపేమో లోయ. నాకు లోయలంటే ఇష్టమే కాని కిటికీ కిందే అక్కర్లేదు.

"ఆపుదామా?" అన్నాను.

"ఇక్కడ ఆపితే ఎనకొచ్చే బస్సు మనల్ని తోసీగలదు. పైకెల్లాక సూద్దాం."

ఆమె ముఖం చూడకుండా ఉండలేకపోయాను, చూసి భరించలేకపోయాను. చెమట కారుతోంది, చలిగాలి కొడుతోంది, రెండూ ఒకేసారి. నాకు ఏదో ఒకటి చెయ్యాలనుంది. చెయ్యడానికి ఏమీ లేదు. నీళ్ల సీసా మూత తీసి పెట్టి, తీసి పెట్టి దాని అంచులు అరగదీశాను.

లంబసింగి

పైన మంచు పలచబడుతోంది. జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. స్ట్రాబెర్రీ డబ్బా ధర అడిగి, మా ఊరి ధర తల్చుకుని వెంటనే ఒకటి కొన్నాను. పుల్లగా ఉన్నాయి. పుల్లటివి తిని తియ్యగా ఉన్నాయని ఫోన్లో చెప్పుకునేవాళ్లు నా చుట్టూ కనీసం ముగ్గురున్నారు.

సత్యవతి కిందకి దూరి చూసి వచ్చింది. పైకి అంతా బాగానే కనిపిస్తోంది. గన్ను తీసి మళ్లీ కొట్టింది. మళ్లీ గ్రీజు పొంగింది.

"గ్రీజు నిండుగానే ఉన్నాదక్కా. మరెందుకు మూలుగుతోంది?"

పక్కన జీపు ఆపుకున్న డ్రైవర్ ఒకాయన, పెద్ద మీసాలాయన, పిలవకుండానే వచ్చాడు. చక్రం ఓసారి కాలితో తన్ని తేల్చేశాడు.

"జాయింటు పోయిందమ్మా. పోయిందంటే పోయిందే. ఇంక ఎంత కొట్టినా లాభం లేదు. దిగిపోయి అమ్మీసుకోండి. ఆడకూతుళ్లకి ఎందుకండీ ఈ రొష్టు?"

ఆయనకు సమాధానం చెప్పడానికి నేను డబ్బా కింద పెట్టి లేచాను. సత్యవతి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నిజమే అయితేనో అక్కా?" అంది చిన్నగా. అంతదాకా ఆ గొంతు నేను వినలేదు. "మా ఆయన భయపడిందే నిజమయిపోతాది కదా. ఆదివారం తాళం ఇచ్చీవొచ్చు."

కిందకి దిగిపోవచ్చు. కాని పైన పిండిమర కోసం ఎదురు చూస్తున్నారు. ఆమె వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. తర్వాత తాళం తిప్పింది.

చింతపల్లి

సంత రోజు కాదు, అయినా బజారు నిండుగానే ఉంది. కొండ పసుపు బస్తాలు, అనాసపళ్లు, చీపురు కట్టలు. ఇక్కడ బేరమాడితే అమ్మేవాళ్లు కోప్పడరు, మాట్లాడకుండా ముఖం తిప్పుకుంటారు. మా వైపు బేరమంటే సగం కచేరీ. ఇక్కడి మౌనానికి సిగ్గేసి అడిగినంతా ఇచ్చేశాను.

మెకానిక్ షెడ్డుకి తాళం వేసి ఉంది. పెళ్లికెళ్లాడని పక్క కొట్టాయన చెప్పాడు. నాయుడుగారి ఫోన్ మోగింది. సత్యవతి మోగుతున్న ఫోన్ నా చేతికిచ్చింది.

"మేడంగారూ, బండెలా ఉన్నాదండి?"

అబద్ధం ఆడటం నాకు చేతకాదు. నిజం చెప్పడానికి వీల్లేదు. "ఇక్కడ సిగ్నల్ సరిగా లేదండీ," అని పెట్టేశాను. అది మాత్రం ఆ కొండల్లో ఎవరైనా నమ్ముతారు.

దేవమ్మగారి ఊరు

తారు అయిపోయి రాళ్ల దారి వచ్చాక బండి నడకకన్నా కొంచెం వేగంగా వెళ్లింది. ఒకచోట ఊట నీటిలో చక్రాలు దిగబడితే సత్యవతి ముందు చక్రాలకు కూడా బలం అందించింది. బండి గురగురమని ఎక్కేసింది. ఆ క్షణం ఆమె ముఖం వెలిగింది. ఎడమ చక్రం మళ్లీ మూలిగింది, వెలుగు పోయింది.

ఊరు చేరేసరికి ఆడవాళ్లంతా దారిలోనే ఉన్నారు. వాళ్లకు పెద్దదిక్కు దేవమ్మగారు, మాటలు తక్కువ మనిషి. ఇన్నాళ్లూ చోడి పిండి, అంటే మన రాగి పిండి, పట్టించుకోవాలంటే చింతపల్లి దాకా మూటలు మోసుకెళ్లేవారట. పిండిమరను దించేటప్పుడు వాళ్లు దాన్ని పట్టుకున్న తీరు చూస్తే, బాలింతను మంచం దించుతున్నట్టుంది. తర్వాత మాకు చోడి అంబలి పోశారు, నంజుకోవడానికి ఎండుమిరపకాయ, ఉల్లిపాయ. గుంటూరు వైపు మిరపకాయ తిని పెరిగిన నా కళ్లలో నీళ్లు తెప్పించిన ఘనత ఆ ఊరిదే.

తిన్నాక సత్యవతి కొంగు బిగించి లేచింది.

"ఇప్పుడు సూసీవాల. పోయిందో, లేదో."

జాకీ వేసి ఎడమ చక్రాన్ని నేల నుంచి లేపింది. టైరు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి గట్టిగా ఊపింది. కీలు అరిగిపోతే చక్రం లొటలొటలాడుతుందట. అలా ఆడితే బండి కథ ముగిసినట్టే.  చక్రం కదల్లేదు. మళ్లీ ఊపింది. గట్టిగానే ఉంది.

"పోలేదక్కా," అంది. "బాగానే ఉన్నాది. మరి ఏటి దీనికి?"

గన్ను తగిలించి మళ్లీ నొక్కింది. ఈసారి నేను కూడా సందులోకి తల దూర్చాను, కూర్చోబెడితే కూర్చునేదాన్ని కాదుగా. గ్రీజు గన్ను మూతి పక్క నుంచే బయటికి వస్తోంది. నిప్పల్ కింద ఆ జాయింటుకి తొడిగిన రబ్బరు తొడుగు, వాళ్లు బూటు అనేది, మాత్రం ఎండిపోయి ముడతలు పడి ఉంది. లోపలికి వెళ్తే అది ఉబ్బాలి కదా! పైగా గన్ను తీశాక నల్ల గ్రీజులో పచ్చగా పెచ్చులు కనిపించాయి.

వేలితో తీసి వాసన చూశాను. వంటింటి వాసన. నమ్మలేక దేవమ్మగారి ముందు పెట్టాను. ఆవిడ రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"పసుపే. మా పసుపు కాదు గాని, కొట్టు పసుపు."

 సత్యవతి స్పానరుతో నిప్పల్ విప్పి తీసింది. దాని చివర ఆవగింజంత గుండు ఉంటుంది. గ్రీజు తోస్తే లోపలికి జరిగి దారిస్తుంది. అది కదలకుండా పసుపు సిమెంటులా గడ్డకట్టేసింది. నాలుగు నెలల శుక్రవారాలు అందులో ఉన్నాయి. మేం ఇంతదూరం కొట్టిన గ్రీజంతా ఆ గడ్డ మీద నుంచి పక్కకి కారిపోయింది, ఒక్క చుక్క కూడా కీలుకి అందలేదు.

ఆమె నిప్పల్‌ని అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే ముక్కు తుడుచుకుంది.

"లేవలేని మనిషక్కా. ఇద్దరు పట్టుకుంటే గాని కూకోలేడు. అయినా శుక్రవారం వస్తే సాలు, పసుపు తెమ్మనేవోడు. ఎందుకయ్యా అంటే, బండి నామీద అలిగి ఉంటాదనీవోడు."

డీజిల్లో నానబెట్టి, పుస్తెల తాడుకున్న పిన్నీసు తీసి దాని మొనతో గుండును తోసింది. మొదట కదల్లేదు. తర్వాత టక్కుమని దిగి మళ్లీ పైకొచ్చింది. నిప్పల్ బిగించి గన్ను నొక్కింది. ఒకసారి, రెండుసార్లు. బూటు ముడతలు విప్పుకుని నెమ్మదిగా ఉబ్బింది. అంచు నుంచి తుప్పు రంగు పాత గ్రీజు బయటికొచ్చింది.

"ఇంకా కొట్టు, ఇంకా," అన్నాను నేను.

"సాలు. ఎక్కువైతే బూటు పగిలిపోద్ది. అప్పుడు దుమ్మూ నీళ్లూ దూరీసి నిజంగానే పోద్ది." గన్ను పక్కన పెట్టింది. నాకు సాలు అనే మాట ఎప్పుడూ నచ్చదు, ఆ ఒక్కసారి నచ్చింది.

అప్పుడే పిండిమర మోగింది. మొదటి చోడి పిండి వెచ్చగా దేవమ్మగారి దోసిట్లో పడింది. దాంట్లోంచి మాకు చెరో సంచీ కట్టి ఇచ్చింది.

దిగుతూ

దిగేటప్పుడు మలుపు తిప్పి సత్యవతి చేతులు వదులు చేసింది. స్టీరింగు దానంతటది తిరిగి నిటారుగా వచ్చి నిలబడింది. తర్వాతి మలుపులోనూ అంతే. ఆమె నాకు చూపించడానికి ప్రతి మలుపులోనూ అలా వదిలింది. నాకు భయమేసి ఊరుకోమన్నాను.

దారిలో చిన్న వాన పడింది. ఘాట్ మధ్యలో నేను ఉండబట్టలేక అడిగాను.

"నాయుడుగారికి చెప్తావు కదా?"

"సెప్పను. నువ్వూ సెప్పకు."

"ఎందుకు చెప్పవు? తప్పు ఆయనది. బండి ఇబ్బంది పెడితే అమ్మేస్తాననే మనిషికి, దాన్ని పాడు చేసింది మీ పసుపే అని చెప్పొద్దా?" నాకు నిజంగానే కోపం వచ్చింది. ఘాట్లో మేం పడ్డ హింసంతా ఆ కోపంలో ఉంది.

"నేనైనా తుడవలేదు కదక్కా. ఇన్నాళ్లూ ఆ మనిషి బండి కోసం సేయగలిగింది అదొక్కటే. అదే తప్పంటే ఇంకేటి మిగులుతాది ఆయనకి?"

 ఆమె చెప్పింది నాకు అర్థమైంది, అయినా నోరు దురద ఆగలేదు. కొండ దిగాక ఫోన్ మోగింది. "గ్రీజు కొట్టేవా?" అన్నారు నాయుడుగారు. "కొట్టేను," అంది సత్యవతి. ఈసారి అది నిజం.

మళ్లీ నర్సీపట్నం

మేం వచ్చేసరికి ఆయన గుమ్మంలో కర్ర మీద నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూడలేదు, చక్రం చప్పుడు విన్నారు.  రాత్రి భోజనాల దగ్గర నేను ఎన్నిసార్లు నోరు తెరిచానో అన్నిసార్లు సత్యవతి నా పళ్లెంలో కూర వేసింది.

ఆదివారం కోటవురట్ల ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, మర్యాదస్తుడు. బండి చుట్టూ తిరిగి చూస్తున్నాడు. నాయుడుగారు మాత్రం పీట వేయించుకుని ఎడమ చక్రం పక్కన కూర్చున్నారు, చేతిలో పసుపు గిన్నె. ఉంచేదీ అమ్మేదీ ఆయన ఇంకా తేల్చలేదు, అమ్మే బండినైనా బొట్టు పెట్టి పంపాలన్నారు మాత్రం. నేను అరుగు మీద కూర్చోలేక, లేవలేక అవస్థ పడుతున్నాను.

చక్రం తిప్పించి సందులోకి చెయ్యి పెట్టారు. వేలు నిప్పల్ దగ్గరికి వెళ్లి ఆగిపోయింది.

"ఇక్కడ బొట్టేదే?"

"వానకి పోనాది," అంది సత్యవతి.

ఆయన బానెట్ వైపు చూశారు. అక్కడ కుంకుమ అలాగే ఉంది.

"దీనికొక్కదానికే తగిలిందేటి వాన?"

 నేను నా నాలుక కరుచుకున్నాను, నిజంగానే. ఆయన వంగగలిగినంత వంగి నిప్పల్ని వేలితో తడిమారు. పిన్నీసు గీతలు తగిలాయేమో, దాని అంచున ఇంకా పచ్చగా ఏమైనా మిగిలిందేమో నాకు తెలియదు.  పసుపు అంటిన తన వేలిని చూసుకున్నారు.

"మేడంగారూ," అన్నారు తలెత్తకుండా. "ఎక్కేటప్పుడు స్టీరింగు ఎనక్కి రాలేదు కదండీ?"

సత్యవతి నావైపు చూసింది. ఈ ప్రయాణమంతా చెప్పాలని చచ్చిపోయిన మాట, అడిగేసరికి నా నోట్లోంచి రాలేదు. తలూపాను.

"అలాగే పైకి తీసుకెళ్లి, బాగుసేసి, కిందికి తెచ్చిందా?"

మళ్లీ తలూపాను.

ఆయన పసుపు వేలిని భుజం మీద తువ్వాలుకి తుడుచుకున్నారు. గ్రీజు గన్ను అడిగి తీసుకున్నారు. అదే తువ్వాలు అంచుతో శుభ్రంగా ఉన్న నిప్పల్నే మళ్లీ తుడిచి, గన్ను తగిలించి ఒక్కసారి నొక్కారు. బూటు కొంచెం ఉబ్బగానే ఆపేశారు. అప్పుడు గిన్నె దగ్గరికి లాక్కుని టైరుకి మాత్రం బొట్టు పెట్టారు.

కోటవురట్ల ఆయన గొంతు సవరించుకున్నాడు. "మరి, తాళం ఒకసారి ఇస్తే తోలి సూసుకుంటానండి."

నేను అరుగు దిగి సత్యవతి పక్కకి వెళ్లేసరికి, నాయుడుగారు మా ఇద్దరి భుజాల మీద చేతులేసి లేచి, కర్ర అందుకున్నారు.

"ఏటీ అనుకోకండి బాబూ. బండి ఖాళీ లేదు," అన్నారు. "సంతకి మా ఆవిడికి ట్రిప్పున్నాది."